బేజుబాన్ ముసాఫిర్లు

మొన్న జుమ్మా నమాజ్ అయ్యాక అమెరికా నుంచి మా దోస్త్ ఫోన్ చేశాడు. మార్కాపురంలో ఉర్దూ మీడియం బడిలో నా పక్కనే కూర్చున్నవాడు. ఇప్పుడు డాలస్ దగ్గర ఉంటాడు. ఈమధ్య ఆర్వీ కొన్నాడు. ఆర్వీ అంటే చక్రాల మీద ఇల్లు. మంచం, పొయ్యి, బాత్‌రూమ్ అన్నీ లోపలే. బీవీ, ఇద్దరు పిల్లలు, ఒక కుక్కతో సెలవులకు బయల్దేరితే సగం దారిలో అది మొండికేసింది. పార్టు రావడానికి పది రోజులన్నాడట షెడ్డువాడు.

"యార్, కారైతే షెడ్డులో వదిలేసి ఇంటికి పోతాం. ఇల్లే షెడ్డులో పెడితే ఎక్కడికి పోవాలి? అదీ కుక్కతో?"

పాపం అనిపించింది కానీ నవ్వొచ్చింది కూడా. ఎందుకంటే ఆ మాట తర్వాత ఐదు నిమిషాలకే వాడు 'మోటెల్ సిక్స్' లాంటి చవక లాడ్జీల్లో కుక్కల్ని కూడా రానిస్తారనీ, రూమ్ దొరికిందనీ చెప్పాడు. వాడిది కష్టం కాదనను. కానీ ఆ కష్టానికి ఒక తలుపుంది. నాకు మాత్రం గిద్దలూరులో మేము గడిపిన రెండు రాత్రులు గుర్తొచ్చాయి.

ఎండాకాలంలో వచ్చిన బక్రీద్ అది. అమ్మీ నంద్యాలలో మా తమ్ముడి దగ్గర ఉండేది. పండక్కి మార్కాపురం తీసుకురావాలి. అమ్మీ ఒక్కతే వస్తే బస్సెక్కించేవాణ్ణి. ఆమెతోపాటు షేరా ఉంది, మానో ఉంది. షేరా ఏడాది పాటు తన చేత్తో సుబాబుల్ ఆకు మేపి పెంచిన పోతు. మానో పిల్లి. రెంటినీ వదిలి రానంది. తెలిసినవాళ్ళ పాత వ్యాన్ అడిగి తీసుకున్నాను. గాజులపల్లె దాటి నల్లమల ఘాట్ ఎక్కేదాకా బాగానే ఉంది. దిగువమెట్ట దగ్గరికొచ్చేసరికి గేర్‌బాక్స్‌లోంచి ఇనప గిన్నెలో రాళ్ళేసి ఊపినట్టు చప్పుడు. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. ఆ కుదుపుకి షేరా ముందుకు పడి కాలు మడుచుకుంది.

ఒక ట్రాక్టర్‌కి తాడు కట్టించుకుని గిద్దలూరు చేరేసరికి మగ్రిబ్ వేళయింది. మిస్త్రీ బండి కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు: "గేర్‌బాక్స్ దించాల భాయ్. బేరింగ్ పోయింది. రేపు ఆదివారం. కర్నూలు నుంచి తెప్పించాల. సోమారం సాయంత్రం అనుకో."

ఇంకో ట్రాలీ ఆటో మాట్లాడుకుని పోవచ్చుగా అని మీరనొచ్చు. నేనూ అదే అన్నాను. బక్రీద్ ముందు ట్రాలీలన్నీ జీవాల సంతల మీద ఉంటాయి. అంతకంటే పెద్ద చిక్కు, తెలిసినాయన పిలిస్తే వచ్చి చూసిన పశువుల డాక్టరు, ఎముక విరగలేదు కానీ రెండు రోజులు కుదుపు తగలనివ్వొద్దన్నాడు. కుంటి జంతువు కుర్బానీకి పనికిరాదని మనకు తెలుసు. అమ్మీ డాక్టర్ని అడిగింది మాత్రం ఆ సంగతి కాదు. "దర్ద్ కమ్ హోనే కు దవా దేవ్ బాబా" అంది.

ఇక రాత్రికి ఎక్కడుండాలి? మొదట ఒక లాడ్జికి పోయాను. కౌంటర్ దగ్గర కుర్రాడు అమ్మీ ఒళ్ళో బుట్ట చూశాడు. బుట్ట మ్యావ్ అంది. "సార్, మీకు రూమ్ ఇస్తా. దానికివ్వను" అన్నాడు. మేక సంగతి నేనింకా చెప్పనేలేదు. తర్వాత ఒక మస్జిద్‌కు పోయాను. పక్కనే ముసాఫిర్ల కోసం రెండు గదులున్నాయి. కమిటీ పెద్దాయన సలామ్‌కు మంచిగా జవాబిచ్చి, చాయ్ తెప్పించి, అంతా విని, "ఆప్ ఆవో, అమ్మీ కు లావో. జాన్వర్ నక్కో. నమాజీలు వస్తారు, గలీజ్ అవుతుంది" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. మేక పెంటిక వేస్తే ఊడ్చేది ఎవరు? ఆయనే. కానీ బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే కలుక్కుమంది. ఎందుకంటే ఆ ముందు శుక్రవారమే మా ఊళ్ళో ఖుత్బాలో పిల్లి హదీస్ విన్నాను. పిల్లిని కట్టేసి తిండి పెట్టకుండా చంపిన ఒక ఔరత్ జహన్నమ్ పాలైన హదీస్. దప్పికతో నాలుక చాపిన కుక్క కోసం బావిలోకి దిగి, తోలు మేజోడుతో నీళ్ళు తెచ్చి పోసినవాడికి మగ్‌ఫిరత్ దొరికిన హదీస్ కూడా మనకు నోటికొచ్చు. హదీసులు ఎక్కువగా రివాయత్ చేసిన సహాబీ పేరే అబూ హురైరా, అంటే పిల్లిపిల్ల అబ్బా. పిల్లి నాపాక్ కాదని, అది మన చుట్టూ తిరిగే జీవమేనని కూడా హదీసే చెప్పింది. ఇవన్నీ మెంబర్ మీద ఉన్నాయి. మస్జిద్ పక్క గదిలోకి మాత్రం రాలేదు.

చివరికి చోటిచ్చింది మిస్త్రీనే. షెడ్డు వెనక వేపచెట్టు, దాని కింద రెండు నులక మంచాలు. షేరాకి ఒక టైర్ సగానికి కోసి నీళ్ళు పోశాడు. అమ్మీకి వాళ్ళింటి నుంచి దుప్పటి, రొట్టెలు, గోంగూర వచ్చాయి. మేము ముస్లింలమని ఆయన పెట్టలేదు. ఆయన వేరే మజ్‌హబ్ మనిషి. రాత్రి కూర్చుని చెప్పాడు: గొర్రెల కాపర్ల లారీలు చెడిపోతే మందమంతా ఈ చెట్టు కిందే దిగుతుందట. ఒకసారి గంగిరెద్దులవాళ్ళ ఆటో ఇరుసు విరిగితే వారమంతా ఎద్దు ఇక్కడే. గుడారమూ కొలిమీ బండికెత్తుకుని తిరిగే రాజస్థానీ కమ్మరి కుటుంబం ఒకటి కోళ్ళతో, కుక్కతో నాలుగు రోజులుందట. "ఎవురొచ్చినా బండి బాగుచెయ్యమంటారు గానీ, దాంట్లో ఉన్న జీవాల సంగతి ముందు చూడాల్సొస్తది భాయ్" అన్నాడు.

దాన్నే మన పెద్దలు కూడా పాటించారు. అనస్ రజియల్లాహు అన్హు రివాయత్ ఒకటుంది. మజిలీలో దిగినప్పుడు ఒంటెల మీది బరువు దించకుండా తాము నమాజ్‌కు నిలబడేవాళ్ళం కాదని. సఫర్‌లో అలిసిన మనిషికి నాలుగు రకాతులు రెండయ్యే రియాయత్ ఇచ్చిన దీన్, ఆ రెండు రకాతుల కంటే ముందు జంతువు వీపు చూసుకోమంది. జకాత్‌కు హక్‌దార్లు ఎనిమిది రకాలైతే అందులో ఒకరు దారిలో చిక్కుకున్న ముసాఫిర్. ఊళ్ళో ఎంత మాల్‌దార్ అయినా దారిలో బేబస్ అయినవాడికి మన సొమ్ములో హక్ ఉంది. ఆ ముసాఫిర్ చంకలో ఉన్న బుట్టకి?

అసలు ఆర్వీని మనవాళ్ళు కారవాన్ అంటున్నారు. సినిమావాళ్ళ పుణ్యమా అని అందరికీ తెలిసిన మాటే. అది ఇంగ్లీషు మాటనుకుంటారు. ఫార్సీ కార్వాన్ అది. ఇంగ్లీషువాళ్ళు అరువు తీసుకుని ఏసీ పెట్టి మనకు తిప్పి అమ్ముతున్నారు. హైదరాబాద్‌లో కార్వాన్ మొహల్లా ఇప్పటికీ ఉంది. కార్వాన్ ఉంటే సరాయి ఉండాలి. షేర్ షా సూరి ఏలింది 1540 నుంచి 1545 దాకా, ఐదేళ్ళే. ఆ ఐదేళ్ళలో రెండు కోసులకొక సరాయి కట్టించాడని, అక్కడ హిందువులకూ ముసల్మాన్లకూ వేరువేరుగా బస, మనిషికి అన్నం, గుర్రానికి దాణా ఉండేవని తారీఖ్ రాసినవాళ్ళు రాశారు. మన దగ్గర గోల్కొండ పక్కన షేక్‌పేట్ సరాయి చూడండి. ముసాఫిర్ల గదులతోపాటు గుర్రాలకూ ఒంటెలకూ శాలలున్నాయి. హయత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగం మస్జిద్ చుట్టూ సరాయి గదులు, దగ్గర్లోనే హాథీ బావ్‌డీ. ఆ కాలంలో జంతువుకు కూడా చోటుండటం ఎవరి మెహర్‌బానీ కాదు. జంతువు ఆగితే సఫర్ ఆగిపోయేది కాబట్టి అది కట్టడంలోనే భాగం. ఇంజన్ వచ్చాక బండి వేరు, జంతువు వేరు అయ్యాయి. బండికి షెడ్డు మిగిలింది. జంతువుకున్న శాల పోయింది.

ఇప్పటి సర్కారు సరాయిలు కూడా చూద్దాం. జాతీయ రహదారుల మీద ముప్ఫై నుంచి యాభై కిలోమీటర్లకొకటి వసతి కేంద్రాలు పెడతామన్నారు. 2024 అక్టోబర్‌లో కేంద్రం ఒక పాలసీ తెచ్చింది. పేరు హమ్‌సఫర్. ఎంత మీఠా మాట! శుభ్రమైన టాయ్‌లెట్లు, పసిపిల్లల గది, వీల్‌చైర్, కరెంటు బళ్ళకు చార్జింగ్, డ్రైవర్లు పడుకునే చోటు. అన్నీ కావలసినవే. నేను చదివిన జాబితాలో నోరులేని హమ్‌సఫర్ ఊసు లేదు. కేరళ 2021లో కారవాన్ టూరిజం పాలసీ తెచ్చింది. పైసలున్నవాళ్ళు చక్రాల ఇంట్లో తిరగడానికి పార్కులు వస్తాయి, రానివ్వండి. చక్రాల మీద తప్ప ఇల్లే లేనివాళ్ళకి, మేకతో, ఎద్దుతో, పుంజుతో తిరిగేవాళ్ళకి ఏ పాలసీ ఉంది?

రూల్స్ మాత్రం ఉన్నాయి. 1978 నాటి రవాణా నిబంధనల ప్రకారం ఆరు గంటలకు మించిన ప్రయాణంలో గొర్రెకూ మేకకూ డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. మంచి రూలే. రైల్లో కుక్కను వెంట కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేదా గార్డు పెట్టెలో వెయ్యాలి. 2022లో పెద్దపల్లి నుంచి కరీంనగర్ పోయే బస్సులో ఒక కండక్టర్ గుడ్డ కింద ఉన్న కోడిపుంజును చూసి 30 రూపాయల టికెట్ కొట్టాడు. అందరూ నవ్వుకున్నారు. నాకైతే ఆ కండక్టర్ మీద గౌరవమే కలిగింది. టికెట్ కొట్టాడంటే పుంజు కూడా సవారీయే అని ఒప్పుకున్నట్టే కదా. సర్కారుకు చేతకాదని కూడా అనను. అదే ఏడు మన రాష్ట్రంలో పశువుల అంబులెన్సులు వచ్చాయి, 1962కి ఫోన్ చేస్తే. అంబులెన్స్ నడపగలిగినవాళ్ళకి ప్రతి వసతి కేంద్రంలో ఒక మూలన రేకుల నీడ, ఒక సిమెంటు తొట్టి, నాలుగు గుంజలు పెట్టడం ఎంత పని? మస్జిద్ కమిటీలకు కూడా ఇదే అర్జీ. గదిలోకి వద్దు. ప్రహరీ లోపల గోడవార ఒక గుంజ పాతండి. వజూ ఖానా నీళ్ళలో ఒక బకెట్ దానికివ్వండి.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. రెండో రాత్రి పదకొండు దాటాక రెండు బైకుల మీద నలుగురు కుర్రాళ్ళు షెడ్డు ముందు ఆగారు. "ఎవరు? వ్యాన్‌లో ఏముంది?" అన్నారు. గొంతులో దురుసుతనం ఉంది. నేను టోపీలో ఉన్నాను. అమ్మీ బుర్ఖాలో ఉంది. నా నోటి నుంచి మాట రాలేదు. ఇరవై ఏళ్ళ జర్నలిస్టుని, కలెక్టర్లను నిలదీసి అడిగినవాణ్ణి. 2017 ఏప్రిల్‌లో అల్వర్ దగ్గర పాడి ఆవులు తోలుకొస్తున్న పెహ్లూ ఖాన్‌ను కొట్టి చంపిన వార్త నేనే తెలుగులో రాశాను. అప్పుడు షేరా చెట్టు వెనక నుంచి అరిచింది. "ఓ, మేకనా" అని వాళ్ళు నవ్వి వెళ్ళిపోయారు. బహుశా మంచి కుర్రాళ్ళేనేమో, దొంగలనుకుని అడిగారేమో. అమ్మీ మాత్రం తెల్లవార్లూ తస్బీహ్ తిప్పుతూనే ఉంది. నడుస్తున్న బండి సంగతి వేరు. ఆగిన బండిలో, చీకట్లో, జంతువుతో, నాలాంటి పేరున్నవాడు కూర్చుంటే ఇంతజార్ వేరేగా ఉంటుంది. దీపం వెలుగుతూ, నలుగురు మనుషులు మసలుతూ, జంతువును కట్టేసే హక్కున్న చోటు ఒకటి ఉంటే ఆ ఖౌఫ్ సగం తగ్గుతుంది. నేను తొట్టి అడుగుతున్నది దప్పిక కోసం ఒక్కటే కాదు.

కుర్బానీకి తీసుకుపోతున్న మేక మీద ఇంత రహమ్ ఏమిటి అని ఒక తెలుగు దోస్త్ అడిగాడు. సవాల్ సరైందే. నా దగ్గర తెలివైన జవాబు లేదు. కుర్బానీ రోజు దాకా అది అమానత్. దానికి ఆకలి, దప్పిక, నొప్పి లేకుండా చూడటం ఫర్జ్. అమ్మీకి ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు. పండగ రోజు అమ్మీ లోపలి గదిలోంచి బయటికి రాలేదు. అంతకుమించి నేను చెప్పలేను.

సోమవారం ఇషా దాటాక బండి తయారైంది. షేరా కుంటు తగ్గింది. మిస్త్రీ గేర్‌బాక్స్ కూలీ తప్ప పైసా తీసుకోలేదు. ఎంత బలవంతం చేసినా వినకపోతే, పండగ తర్వాత మార్కాపురం నుంచి ఒక సిమెంటు తొట్టి పంపించాను, టైర్ ముక్కకి బదులుగా.

పోయిన నెల కంభం మీదుగా ఆ దారిన పోతూ ఆగాను. తొట్టి చెట్టు కిందే ఉంది. అందులో డీజిల్ పోసి స్పానర్లు నానేశారు. "రేయ్, ఎవుర్రా ఇది చేసింది" అని మిస్త్రీ కుర్రాళ్ళ మీద కేకలేశాడు. సర్ఫ్ తెప్పించి కడిగించాడు. నేను చాయ్ తాగేలోపు ఒక వీధికుక్క వచ్చి వాసన చూసి, తాగకుండా పోయింది. ఇంకోసారి కడగమని చెప్పి బయల్దేరాను.