తెలిసిన మొహాలకు తలుపు

నా దగ్గర చదివిన పిల్లగాడొకడు డిగ్రీ రెండో ఏడు వదిలేసి హైదరాబాద్ బస్సెక్కిండు. తల్లి కమ్మలు కుదువబెట్టి, ఆడిషన్ ఇప్పిస్తానన్న దళారి చేతిలో పోసిండు. బిగ్‌బాస్‌లో ఒక్కసారి కనబడితే సినిమా వేషం దొరుకుతుందట!

అన్నలారా, అక్కలారా, లెక్క చూద్దాం. తెలుగు బిగ్‌బాస్ 2017లో మొదలైంది. ఆ ఏడు గెలిచిన శివబాలాజీ, 2018లో కౌశల్, 2020లో అభిజిత్ - ముగ్గురూ అంతకుముందే తెరమీద నటించినవాళ్లు. 2020లో లంబాడిపల్లి గంగవ్వ ఆ ఇంట్లోకి పోయిన మాట నిజమే. ఆమె కూడా అప్పటికే ఊరోళ్ల యూట్యూబ్ వీడియోల్లో, 2019లో వచ్చిన 'మల్లేశం'లో నటించింది. నటన వాళ్లు అక్కడ నేర్చుకున్నది కాదు.

నటన మనకు కొత్తా? రాత్రంతా చిందు భాగోతం ఆడినోళ్లు ఎవరు? మనోళ్లే కదా!

ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది. రిజర్వేషన్ ఉంది, ఉపకారవేతనం ఉంది. అక్కడ చేరాలంటే డిగ్రీ కావాలి, నాటకాలాడిన అనుభవం కావాలి. కాబట్టి తమ్ముడూ, చెల్లే, ముందు డిగ్రీ పూర్తిచెయ్యండి. వాడలో నాటకం కట్టండి. సంఘం కార్యకర్తలు ఈ మాట ఇంటింటికీ చెప్పాలి. ఇంకో తల్లి కమ్మలు దళారి పాలు కావొద్దు.