చద్దన్నం ఎవరి వంతు?

బియ్యం డబ్బాలో అడుగు కనిపిస్తున్నా మన ఆడవాళ్ళు "బియ్యం అయిపోయాయి" అనరు. "నిండుకున్నాయి" అంటారు. లేదన్న మాట నోటితో అనడానికి మనసొప్పక, దానికి సరిగ్గా ఎదురుమాట తెచ్చి అక్కడ పెట్టారు. దీపం ఆరిందనకుండా కొండెక్కిందన్నట్టే ఇదీను. ద్రోహం చేసినవాణ్ణి "తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టాడు" అంటాం. నమ్మకంగా ఉన్నవాణ్ణి చూసి "ఉప్పు తిన్న విశ్వాసం" అంటాం. మంచితనాన్నైనా చెడ్డతనాన్నైనా తెలుగువాడు తిండితోనే తూచాడన్నమాట.

ఇంత మర్యాద తెలిసిన భాష మాట్లాడే మన ఇళ్ళలో రోజూ ఎంత అన్నం చెత్తబుట్ట పాలవుతున్నదో ఎప్పుడైనా చూశారా? ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ఒక నివేదిక ప్రకటించింది. 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని అందులో లెక్క. ఇందులో నూటికి అరవై వంతులు హోటళ్ళలో కాదు, దుకాణాల్లో కాదు, ఇళ్ళలోనే. మన దేశంలో ఇళ్ళ లెక్క మనిషికి ఏడాదికి 55 కిలోలని అంచనా. తొక్కలూ ఎముకలూ కూడా కలిసిన లెక్కే అనుకోండి. అయినా రోజుకు 150 గ్రాములు! నలుగురున్న ఇంట్లో అరకిలో పైమాటే.

"పిల్లలకు అన్నం విలువ తెలియడం లేదండీ" అని తల్లులు వాపోతుంటారు. చెప్పకుండా ఎలా తెలుస్తుంది? నేను తెలుగు పాఠం చెప్పుకునే మనిషిని గనక ఒక్క మాట విడదీసి చూపిస్తాను. "కృతం" అంటే చేసినది. "జ్ఞ" అంటే ఎరిగినవాడు. తన కోసం ఎవరేం చేశారో ఎరిగినవాడే కృతజ్ఞుడు. ముందు ఎరుక, తరవాత నమస్కారం. ఎరుక లేని నమస్కారం ఒట్టి అలవాటు.

ఆ ఎరుక ఎంతదూరం పోతుందో చూడండి. గోదావరి జిల్లాల బియ్యం ఇవాళ మనకు మామూలు సంగతి. 1833 ప్రాంతంలో నందన కరువు వచ్చినప్పుడు ఒక్క గుంటూరు సీమలోనే లక్షకు పైగా జనం పోయారు. గోదావరి పక్కనే పారుతున్నా ఆ జిల్లాలోనూ జనం ఆకలితో మాడారు. 1847లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట మొదలుపెట్టాడు. 1852 నాటికి వేలాది కూలీల చేతుల మీద అది పూర్తయింది. ఆ తరవాతే ఆ మట్టిలో అన్నం పండింది. నారు పోసిన చేతులూ, మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేసిన నడుములూ, కోసి నూర్చి మర పట్టించినవాళ్ళూ, ఇంతమంది దాటి వస్తేనే గింజ మన గిన్నెలో పడుతుంది. పళ్ళెంలో చెయ్యి కడిగేసే పిల్లవాడికి ఇది కోపంతో కాకుండా కథలాగా చెప్పి చూడండి.

చెప్పడంతోనే సరిపోదు, చెయ్యీ అలవాటు పడాలి. వాడిచేతనే బియ్యం కొలిపించండి. ఇంతమందికి ఇన్ని గిద్దెలని వాడికి తెలిస్తే, మిగిలినప్పుడు ఎక్కడ లెక్క తప్పిందో వాడే చెబుతాడు.

ఇక మిగిలినవాటి సంగతి. మన పెద్దవాళ్ళ వంటలో సగం విద్య ఇక్కడే ఉంది. రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేస్తే తెల్లవారేసరికి తోడన్నం. పచ్చిమిరపకాయా, ఉల్లిపాయా నంజుకుంటే దాని ముందు ఏ ఫలహారం నిలుస్తుంది? మిరపకాయలు, జీలకర్ర, ఉప్పు నూరి కలిపి ఎండలో పెడితే అన్నం వడియాలు. మిగిలిన ఇడ్లీలు చిదిపి తాలింపు వేస్తే ఉప్మా. పులిసిన దోసెల పిండి పునుగులవుతుంది. పులిసిన పెరుగు మజ్జిగ పులుసుకు పనికొస్తుంది. బీరపొట్టు పచ్చడి రుచి ఎరిగినవాళ్ళు బీరకాయ కూర కోసం పొట్టు తీస్తారో, పొట్టు కోసమే కూర చేస్తారో చెప్పలేం! పనసగింజలు కూరలోకి, పుచ్చకాయలో ఎరుపు తిన్నాక మిగిలే తెల్లని కండ పప్పులోకి.

అయితే ఒక హెచ్చరిక. వండిన అన్నంలో కూడా కొన్ని సూక్ష్మజీవుల బీజాలు చావకుండా ఉంటాయి. అన్నాన్ని గంటలకొద్దీ ఉక్కలో వదిలేస్తే అవి విషం పుట్టిస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుచేత మిగిలిందని తెలియగానే తోడు వెయ్యండి, లేదా గంటా రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి వాడెయ్యండి. వాసన మారినదాన్ని పారేయబుద్ధికాక తిని మంచం పట్టడం పొదుపు కాదు సుమా!

ఇంతవరకూ చెప్పింది మీకు తెలిసిందే. అసలు అడగదలచుకున్నది ఇప్పుడు అడుగుతాను. మీ ఇంట్లో ఆ మిగిలింది తినేదెవరు?

అయ్యగారికి వేడన్నం, పిల్లలకు వేడన్నం. రాత్రి అన్నమూ, నిన్నటి పులుసూ, గిన్నెకంటిన కూరా ఎవరి పాలు? అందరూ లేచాక వంటింట్లో పీట వేసుకునే ఆ ఇల్లాలి పాలు. "నాకిదే ఇష్టం లెండి" అంటుంది. ఏళ్ళ తరబడి అదే మాట వినీ వినీ ఇంట్లోవాళ్ళు నిజమే కాబోలనుకుంటారు. ఆవిడ త్యాగాన్ని మెచ్చుకుంటూ మనం సభల్లో మాట్లాడతాం కూడా. కాని పిల్లలు దాన్ని చూసి నేర్చుకునేది ఏమిటి? తాజాది తమ హక్కు, మిగిలింది అమ్మ విధి అని. అన్నాన్ని కాపాడే భారమంతా ఒక్క కడుపు మీద పడేసి, మిగతావాళ్ళకు కృతజ్ఞత రాలేదే అనుకుంటే ఎలా వస్తుంది?

ఇంకొన్ని ఇళ్ళలో ఇంకో పద్ధతి. మనం తినడానికి ఇష్టపడనిది మూడోనాడు పనిమనిషి గిన్నెలో పడుతుంది. దానికి దానమని పేరు. ఇవ్వదలచుకుంటే మనం తినే పూటే, మనం తినేదే ఇవ్వాలి. మన నోటికి పనికిరానిది ఆవిడ పిల్లల నోటికి ఎలా పనికొస్తుంది చెప్పండి?

1965లో దేశానికి తిండిగింజలు కరువైనప్పుడు లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికి ఒక్క పూట భోజనం మానమని కోరారు. ఆ పిలుపు ఇల్లాళ్ళకు మాత్రమే ఇచ్చింది కాదు, ఇంటిల్లిపాదికీ ఇచ్చింది. అందుకే ఆనాటివాళ్ళు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. పోతనగారి భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో యమున ఒడ్డున చల్దులారగించిన ఘట్టం చదివారు గదా? ఆ చల్దే మన చద్ది. ఒకడు వేడిదీ, ఒకడు చల్లారిందీ తినలేదక్కడ. అందరి మూటల్లోదీ అదే, పంచుకున్నదీ అదే. ఆ పంక్తిలో దేవుడు కూడా ఉన్నాడు.

కాబట్టి ఒక ఏర్పాటు చేసుకోండి. వారంలో ఒక రాత్రి కొత్తగా పొయ్యి వెలిగించకుండా, ఇంట్లో మంచిగా ఉన్న మిగుళ్ళన్నీ నడి పంక్తిలో పెట్టండి. తండ్రికీ కొడుక్కీ కోడలికీ సమంగా వడ్డించండి. ఆ పూట వడ్డన అబ్బాయి వంతు. రెండు వారాలు మొహాలు ముడుచుకుంటారు. మూడోవారం నుంచి, అన్నం ఎక్కువ పెట్టుకోబోయేవాణ్ణి పక్కవాడే ఆపుతాడు.

అమ్మలకు ఒక్క మనవి. ఇవాళ రాత్రి అన్నం మిగిలితే, రేపు పొద్దున్న "నాకిదే ఇష్టం" అనకండి. అందరి కంచాల్లోనూ తలా ఒక ముద్ద వెయ్యండి.