మన పిల్లలకు ఎవరి ఆర్థికశాస్త్రం?

హైస్కూలు పిల్లలకు ఆర్థికశాస్త్రం అంటే పరీక్ష కోసం బట్టీపట్టే నాలుగు ముక్కలు. ఉత్పత్తికి ఏమేం కావాలి? భూమి, శ్రమ, పెట్టుబడి. అది రాస్తే మార్కులు పడతాయి. ఆ భూమి ఎవరిది, ఆ శ్రమ ఎవరిది అని మాత్రం క్లాసులో ఎవరూ అడగరు. అసలు పాఠం అక్కడే మొదలుకావాలి.

2014లో వచ్చిన పదో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకంలో రాంపురం అనే ఊరి పాఠం పెట్టారు. భూమిలేని వాళ్లలో ఎక్కువమంది దళితులేనని దాచకుండా చెప్పారు. మంచిదే. కానీ ఆ ఊరు ఉత్తరప్రదేశ్‌ది. చర్ల, దుమ్ముగూడెం, ఇల్లెందు పిల్లలు అంతదూరం పోనక్కర్లేదు. పాఠం వాళ్ల గడప ముందే ఉంది.

మిర్చి సంగతే చూడండి. ముందటేడు పదివేలు దాటిన క్వింటాలు మూడు నాలుగు వేలకు పడిపోయింది. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్ యార్డులో రైతుల కడుపుమంట బయటపడింది. కేంద్రం ఐదువేలకు కొంటామన్నది. మే నెలలో రైతులకు బేడీలేసి కోర్టుకు తెచ్చారు. రేటు ఎందుకు పడింది? పాత రేటు చూసి అందరూ మిర్చే వేశారు. సరుకు పెరిగినంతగా కొనేవాళ్లు పెరగలేదు. పుస్తకం దీన్నే సప్లయి, డిమాండు అంటుంది. నిజమే. కానీ పుస్తకం ఆగినచోట మనం ఆగొద్దు. అప్పు తెచ్చిన రైతు రేటు వచ్చేదాకా ఆగలేడు. కోల్డ్ స్టోరేజీలో దాచుకునే వ్యాపారి ఆగగలడు. కౌలురైతు పని ఇంకా కష్టం, పంట పోయినా కౌలు కట్టాల్సిందే. ఇక కాయ ఏరేది మాల మాదిగ ఆడవాళ్లు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే ఆదివాసులు. వాళ్లొచ్చి మన కూలి తగ్గించారని కొందరు గొణుగుతారు. కూలి రేటు పెట్టేది వచ్చినోళ్లా, ఇచ్చేటోళ్లా? ఇదీ ఆర్థికశాస్త్రమే.

ఆర్థిక వ్యవస్థలు చూపించడానికి కొత్తగూడెంలో భద్రాచలం బస్సెక్కిస్తే చాలు. సింగరేణి సర్కారుది, రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. సారపాక కాగితం మిల్లు ప్రైవేటు కంపెనీది. అడవి సరుకు కొనే గిరిజన సహకార సంస్థ 1956లో సర్కారు పెట్టింది. అన్నీ పక్కపక్కనే ఉంటే దాన్ని మిశ్రమ ఆర్థిక వ్యవస్థ అంటారు. ప్రతిచోటా పిల్లలతో మూడు ప్రశ్నలు అడిగించండి. యజమాని ఎవరు? ఏం చేయాలో నిర్ణయించేది ఎవరు? మిగులు ఎవరికి పోతుంది? నాలుగోది మనం కలపాలి: ఏ కులపోళ్లు ఏ పనిలో ఉన్నారు? కులం పనిని పంచడమే కాదు, పనిచేసే మనుషుల్నే విడగొట్టిందని అంబేద్కర్ 1936లోనే తేల్చారు.

మార్కెట్‌కు హద్దు గీయలేమని ఎవరన్నా అంటే 1970 నాటి 1/70 చట్టం చూపండి. ఏజెన్సీ భూమి ఆదివాసీయేతరులకు అమ్ముకునే సరుకు కాదని అది చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం తునికాకు మీద హక్కు ఏరుకునే అడవి బిడ్డలదే అన్నది. మరి 50 ఆకుల కట్టకు ధర పెట్టేటప్పుడు ఏరినోళ్లను అడుగుతున్నారా? చట్టానికీ కల్లానికీ మధ్య దూరం ఎంతో పిల్లలే కొలిచి చెప్పాలి.

కార్యకర్తలకు ఒక మాట. హాస్టళ్లలో, గుడిసెల్లో ఆదివారం పూట పిల్లల్ని కూర్చోబెట్టండి. ఎకరం మిర్చికి విత్తనం, మందులు, కౌలు, కూలి, కమీషను, వడ్డీ అన్నీ వాళ్ల చేతనే రాయించండి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే చిన్నదిగా కనిపిస్తుంది. అది నెలకు. ఏడాదికి 36 రూపాయలు. ఈ ఒక్క లెక్క తెలిసిన పిల్ల ఇంట్లో ఉంటే ప్రామిసరీ నోటు మీద అయ్య గుడ్డిగా వేలిముద్ర వేయడు.

రాజ్యాంగం రాయకముందే అంబేద్కర్ ఆర్థికశాస్త్రం చదివినవాడు. 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం రాశారు. లెక్క మనకు కొత్త కాదు, మన చేతికి రాకుండా చేశారు. దొర దగ్గరున్న లెక్కల పుస్తకం తెరిచి చదవగలిగే పిల్లల్ని తయారుచేద్దాం.