పంటి నొప్పి: చదువు లేకనా, డాక్టరు లేకనా?

చదువు తక్కువున్న కుటుంబాల్లో పంటి నొప్పి ఎక్కువని చాలా దేశాల సర్వేలు చెబుతున్నాయి. దాని నుంచి తీసే ముగింపు మాత్రం ఎప్పుడూ ఒకటే: "వీళ్లకు అవగాహన లేదు." ఆ వెంటనే ఒక ర్యాలీ, నాలుగు కరపత్రాలు. ఈ ముగింపును ప్రశ్నించాలి.

పన్ను ఒక్క రోజులో పాడవదు. నోట్లోని బ్యాక్టీరియా తీపిని ఆమ్లంగా మార్చి పంటి పైపొరను మెల్లగా కరిగిస్తుంది. ఆ దశలో నొప్పి ఉండదు, చిన్న ఫిల్లింగ్ సరిపోతుంది. పుచ్చు నరం దాకా చేరాకే నిద్ర పట్టని నొప్పి మొదలవుతుంది. అప్పుడు మిగిలేవి రెండే దారులు: వేలల్లో ఖర్చయ్యే రూట్ కెనాల్, లేదంటే పన్ను పీకించుకోవడం. అంటే నొప్పి మన అలవాట్లనే కాదు, వైద్యం ఎంత ఆలస్యంగా అందిందో కూడా చెబుతుంది.

దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. అయినా పల్లెకు దగ్గరలోని పీహెచ్‌సీలో సాధారణంగా దంత వైద్యుడు ఉండడు. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాల్సిన పెద్ద చికిత్సలకే. పట్నం పోతే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, డాక్టరు ఫీజు. వాటికన్నా లవంగం, మందుల షాపు మాత్ర చవక. ఇది అజ్ఞానం కాదు, లేమిలో వేసుకున్న లెక్క.

ఇక చదువు సంగతి. 2011 జనగణన ప్రకారం దేశ అక్షరాస్యత 73 శాతం. ఎస్సీలలో అది 66.1 శాతం, ఎస్సీ మహిళల్లో 56.5 శాతం. సర్వే పట్టికలో "విద్యా స్థాయి" అన్న గడి వెనుక కులం, భూమి లేకపోవడం, రోజు కూలి ఉన్నాయి. పైగా నొప్పి వచ్చాకే శ్రద్ధగా తోముకోవడం మొదలుపెట్టేవాళ్లూ ఉంటారు. ఒక్కసారి అడిగి వదిలేసే సర్వే ఏది ముందో, ఏది తర్వాతో చెప్పలేదు.

అలవాట్లు ముఖ్యం కాదని కాదు. ఫ్లోరైడ్ పేస్టుతో రోజూ రెండుసార్లు తోముకుంటే పళ్లకు రక్షణ. గుట్కా, ఖైనీ మానాల్సిందే. కానీ అలవాటుకూ డబ్బు కావాలి. సంక్షేమ హాస్టళ్లలో సబ్బు, పేస్టుల కోసం ఇచ్చే కాస్మెటిక్ చార్జీలు నెలల తరబడి ఆగితే పిల్లలు దేనితో తోముకోవాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల పళ్లను కూడా పరీక్షించాలి. విద్యార్థి సంఘాలు సమాచార హక్కు దరఖాస్తుతో మూడు ప్రశ్నలు వేయవచ్చు. మా హాస్టల్‌కు ఆ బృందం చివరిసారి ఎప్పుడొచ్చింది? పుచ్చు పళ్లున్న ఎంతమంది పిల్లలకు చికిత్స చేయించారు? కాస్మెటిక్ చార్జీలు ఏ నెల వరకు అందాయి?

అవగాహన పాఠం ఆ తర్వాత చెప్పవచ్చు. ముందు ఈ జవాబులు రావాలి.