పచ్చగా ఉంటే చాలా?



పోయిన శనివారం మన బడిలో వక్తృత్వ పోటీ జరిగింది. పదో తరగతి అక్క ఒకామె, "కార్బన్ డై ఆక్సైడ్ మొక్కలకు ఆహారం. గాలిలో అది పెరిగితే చెట్లు ఇంకా పచ్చగా పెరుగుతాయి, ఆకు తినే పురుగులు చస్తాయి, మంచిదే కదా" అన్నది. అందరం చప్పట్లు కొట్టినం. నేను కూడా కొట్టిన. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా ఇంట్లో తిండి ఆకు తినే పురుగుల మీదనే వస్తది.

మా నాయిన మద్ది చెట్ల మీద దసలి పట్టు పురుగులు పెంచుతాడు. పొద్దంతా చెట్ల కిందనే ఉండి గులేరుతో కాకులను కొడతాడు, చీమలు పట్టకుండా చూస్తాడు. పురుగు మంచిగ తింటేనే గూడు గట్టిగా కడుతుంది. గూడు గట్టిగా ఉంటేనే నాలుగు పైసలు. నా నోటు పుస్తకాలు ఆ పైసలతోనే కొన్నాం. మా నాయిన బడికి పోలేదు. అయినా ఏ ఆకులో బలం ఉందో, ఏ ఆకులో లేదో చెట్టును చూసి చెప్తాడు.

మరునాడు సైన్స్ సారును అడిగితే ఆయన ఓపికగా చెప్పిండు. 1958లో హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద గాలిని కొలవడం మొదలుపెట్టినప్పుడు, పది లక్షల పాళ్ల గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ 315 పాళ్లు ఉండేదట. ఇప్పుడు 420 దాటింది. బొగ్గు, పెట్రోలు కాల్చడం వల్ల, అడవులు నరకడం వల్ల ఇది పెరుగుతోంది.

ఈ వాయువు ఎక్కువైతే ఆకు పిండి పదార్థాన్ని ఎక్కువ తయారు చేసుకుంటుంది. కానీ నత్రజని గాలి నుంచి ఆకులోకి రాదు, వేర్లు నేల నుంచి తీసుకోవాలి. అది అంతగా పెరగదు. కాబట్టి ఆకు పెద్దదవుతుంది, దానిలో నత్రజని పలుచనవుతుంది. నత్రజని లేకుంటే మాంసకృత్తులు లేవు. మాంసకృత్తులు లేకుంటే పురుగుకు ఒళ్లు రాదు.

ఎండాకాలం గింజలు తక్కువైనప్పుడు మా అవ్వ జావ పలుచగా కాస్తది. రెండు గిన్నెలు ఎక్కువ తాగుతం. పొట్ట ఉబ్బుతది, కాసేపటికే మళ్లీ ఆకలైతది. పురుగు గతి కూడా అంతే.

1989లో అమెరికా శాస్త్రవేత్తలు ఇలాంటి ఆకులు పెట్టి ఒక రకం సీతాకోకచిలుక గొంగళిపురుగులను పెంచి చూశారు. గాలిలో కార్బన్ డై ఆక్సైడ్‌ను రెట్టింపు చేస్తే పురుగులు నిదానంగా పెరిగాయి, చిన్నప్పుడే ఎక్కువ చనిపోయాయి. కాన్సాస్ రాష్ట్రంలో కోంజా అనే దున్నని గడ్డిమైదానం ఉంది. అక్కడి మిడతల లెక్కను ఎలెన్ వెల్టీ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివారు 2020లో ప్రకటించారు. ముప్పై ఏళ్లలో గడ్డి రెట్టింపు అయ్యింది. కానీ గడ్డిలో నత్రజని 42 శాతం, భాస్వరం 58 శాతం తగ్గాయి. ఇరవై ఏళ్లలో మిడతలు 30 శాతానికి పైగా తగ్గిపోయాయి. వాన, ఎండల మార్పులతో పాటు గాలిలో పెరిగిన ఈ వాయువు కూడా కారణమని వారు రాశారు.

"మిడతలు పోతే పంటకు మంచిదే" అంటారేమో. మిడతలు పోతే వాటిని తిని బతికే పిట్టలు ఏం తింటాయి? ఇంకో సంగతి. పురుగులన్నీ తగ్గుతాయని కూడా లేదు. ఇల్లినాయిస్‌లో సోయా చేలకు ఈ వాయువును ఎక్కువగా అందించి చూస్తే, ఆ మొక్కలకు పురుగును ఎదిరించే శక్తి తగ్గింది. వాటిని తిన్న ఒక రకం పెంకు పురుగులు ఎక్కువ రోజులు బతికి ఎక్కువ గుడ్లు పెట్టాయి. అంటే మనకు పనికొచ్చే పురుగే పోవాలి, చేను తినే పురుగే రావాలి అన్నా అనొచ్చు. మన ఇష్టప్రకారం ఏదీ జరగదు.

అక్క మీద నాకు కోపం లేదు. ఆమె చెప్పింది సగం నిజం. చెట్టు పెరుగుతది, నిజమే. ఆ ఆకు తిన్నవాళ్ల సంగతి ఎవరు చూడాలి?

మనం కూడా తినేవాళ్లమే. ఈ వాయువు పెరిగిన గాలిలో పండించిన వరి బియ్యంలో ఇనుము, జింకు, మాంసకృత్తులు తగ్గుతాయని 2014లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పోయిన నెల నర్సమ్మ మన వేళ్లకు సూది పొడిచి చూసింది. మనం పళ్లెం నిండా అన్నం తింటున్నాం, బరువు కూడా బాగానే ఉన్నాం. అయినా చాలామందికి రక్తం తక్కువ అన్నది. దానికి గాలే కారణమని నేను అనడం లేదు. పొట్ట నిండడం వేరు, బలం రావడం వేరు అని మాత్రం అంటున్నాను.

అందుకే నా అభిప్రాయం ఇది. అడవి పచ్చగా ఉందని, పళ్లెం నిండుగా ఉందని సంతోషపడి ఊరుకోవద్దు. మన మద్ది ఆకులో బలం ఎంత ఉందో చదువుకున్నవాళ్లు వచ్చి ఏటేటా కొలవాలి. ఈసారి సెలవులకు పోయినప్పుడు నేను మా నాయిన గూళ్లు తూచి నోటు పుస్తకంలో రాస్తాను. వార్డెన్ మేడంలు కోప్పడకుండా, నెల నెలా మన బరువుతో పాటు రక్తం కూడా చూపించాలని, పప్పు కొంచెం చిక్కగా, ఆకుకూర కొంచెం ఎక్కువగా పెట్టించాలని కోరుతున్నాను.

తప్పులుంటే మన్నించండి.

– 9వ తరగతి విద్యార్థిని