సుగ్గికి పోవువారి రక్తపుపోటు

పుష్యమాఘములు వచ్చుసరికి కర్నూలు జిల్లా పశ్చిమభాగమున కోసిగి, మంత్రాలయము, పెద్దకడుబూరు ప్రాంతముల ఇండ్లకు తాళములు పడుచుండును. జనులు మిరపకోతలకు గుంటూరు సీమకు తరలిపోవుదురు. దీనిని సుగ్గికి పోవుట యందురు. క్షామమును గూర్చి చెప్పునప్పుడెల్ల ఈ వలస ప్రస్తావనకు వచ్చుచునే యున్నది. నేడు మేము దానిని రోగి పక్షమునుండి చూడగోరుచున్నాము.

రక్తపుపోటునకు మాత్ర నిత్యము పడవలెను. మానినచో పోటు మరల పెరుగును. అయినను నొప్పి లేదు, జ్వరము లేదు. కావున రోగి యెఱుగడు. ఎఱుగునాటికి పక్షవాతమో, మూత్రపిండముల చేటో సంభవించి యుండును. ప్రపంచారోగ్యసంస్థ 2021లో ప్రకటించిన లెక్క ప్రకారము 30 మొదలు 79 ఏండ్ల లోపువారిలో 128 కోట్ల మందికి ఈ వ్యాధి కలదు. అది అదుపున నున్నవారు అయిదింట నొక వంతు మాత్రమే. తక్కిన వారందఱును అశ్రద్ధాపరులేనా?

"మాత్ర మానుకొన్నాడు, అనుభవిస్తున్నాడు" అని పెద్దమనుష్యులు తేలికగా ననుచుందురు. ఊరి ఆరోగ్యకేంద్రమున నెలకు సరిపడు మాత్రలిత్తురు. సుగ్గి యన్ననో నెలల తరబడి సాగును. చేనిగట్టున గుడిసె వేసికొన్న కూలి, దినకూలి పోగొట్టుకొని, ఎఱుగని ఊరి ఆసుపత్రిలో వరుసన నిలుచునా? వంగి కోసి నడుము పట్టినపుడు అంగడిలో కొను నొప్పిమాత్రలలో పెక్కు పోటును పెంచునవే. ఈ సంగతి వానికి చెప్పినవారెవరు? దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు తినుమని వైద్యులు చెప్పుట న్యాయమే. కాని కూర లేని పూట జొన్నరొట్టెకు ఊరగాయయే గతి.

కువైటుకు పోయిన కడప సీమవారి యిండ్ల తీరు వేఱు. అచటినుండి డబ్బు వచ్చును గాని, ముదుసలి తల్లిని పరీక్షకు తోడ్కొనిపోవు బిడ్డ ఇంట నుండదు.

పోటు అదుపున నున్నవారిని 3 మొదలు 6 నెలల కొకమారు చూచిన చాలునని పైసంస్థయే 2021లో సూచించినది. అట్టివారికి పయనమునకు ముందే మూడు నెలల మాత్ర లేల ఈయరాదు? అదుపున లేనివారి కిది చాలదు; వారికై మిరపచేల కడకే పరీక్ష పోవలెను. రేషను బియ్యము పరాయి ఊర దొరకునపుడు కర్నూలు చీటీకి గుంటూరున మాత్ర యేల దొరకరాదు? ఏ యింటివారు ఎప్పుడు కదలుదురో ఊరి ఆశా కార్యకర్తకు తెలియును. బండ్లు కదలకమున్నే ఆమె చేతికి మాత్రలు చేర్పవలెనని ఉభయ జిల్లాల వైద్యాధికారులను కోరుచున్నాము.