గోండి వస్తే సరిపోతదా?



జీవో నంబర్ 3 గురించి మన గ్రూపులో ఎంత రాసుకున్నామో అందరికీ తెలుసు. 2000లో వచ్చిన ఆ జీవోతో ఏజెన్సీలో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక ఆదివాసీలకే ఉండేవి. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటినుంచి మనం చెప్పే మాట ఒక్కటే: మన పిల్లల భాష తెలిసిన టీచర్ మన బడికి కావాలె. ధర్నాలో కూర్చొని నేనూ అదే అన్న. ఇప్పుడు డీఎడ్‌లో టీచింగ్ ప్రాక్టీస్ చేసి వచ్చినంక కూడా ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ అది సగం మాటే అని తెలిసొచ్చింది. పోస్ట్ కాస్త పొడుగైతది, ఓపిక పట్టండి.

ఉట్నూరు వైపు ఒక గూడెం బడిలో నాకు ఒకటి, రెండు తరగతులు కలిపి ఇచ్చారు. గోండు పిల్లలు, నేనూ గోండునే, ఇంకేం కష్టం అనుకొని పోయిన.

మొదటి వారం అంతా లెసన్ ప్లాన్ ప్రకారమే నడిపిన. ఒకరోజు డబ్బాలో ఐదు చింతగింజలు వేసి, ఒకటో తరగతి బాబును "ఇందులో ఏముంది?" అని అడిగిన. వాడు ఒక వేలు చూపించాడు. మళ్లీ అడిగిన. మళ్లీ ఒక వేలే. వెనక బెంచీలో మా కాలేజీ సార్ అబ్జర్వేషన్ రాసుకుంటున్నారు. పరువు పోతదని గొంతు పెంచిన. వాడు తల దించుకున్నాడు, ఆ రోజంతా మళ్లీ నోరు తెరవలేదు.

రాత్రి రూములో అన్నం వండుకుంటుంటే తట్టింది. గోండిలో 'ఉంది' అంటే ఒకటి. ఉంది, రండ్, మూండ్. నేను ఏముంది అంటే వాడికి వినబడ్డది ఒకటి. చూపించాడు, అంతే. బయటినుంచి వచ్చిన తెలుగు సార్‌కు ఇది తట్టలేదంటే అర్థం చేసుకోవచ్చు. మా అమ్మ గోండిలో లెక్కపెట్టి రొట్టెలు వేస్తే తిని పెరిగినోన్ని, నాకెందుకు తట్టలేదు?

మూడో తరగతి నుంచి నేను హాస్టల్లోనే పెరిగిన. అక్కడ గోండి మాట్లాడితే నవ్వేవాళ్లు. బడి గేటు లోపల తెలుగే అని నాలుకకు అలవాటైపోయింది. నాకు పాఠం చెప్పినాయన ఎట్ల చెప్పాడో నేనూ అచ్చం అట్లనే, అదే గొంతుతో చెప్తున్న. గోండి నా ఇంట్లో ఉంది, నా పాఠంలో లేదు. మనలో చదువుకున్నవాళ్లు చాలామంది ఇట్లనే తయారయ్యామని నా అనుమానం. కోపం వస్తే తిట్టండి.

తెల్లారి గింజలు నేల మీద పోసి గోండిలో లెక్కపెట్టిన, ప్రతి అంకె పక్కనే తెలుగు మాట. ఒకడు ఇంట్లో ఎన్ని పత్తి సంచులు ఉన్నాయో చెప్పాడు. ఒక పాప దండారీలో తాను చూసిన గుస్సాడీలను వేళ్ల మీద లెక్కపెట్టింది. పది రోజులకు ఆ బాబు తెలుగులో పది దాకా వచ్చాడు, మధ్యలో ఏడు మింగేసి.

అప్పుడే ఇంకో దెబ్బ తగిలింది. క్లాసంతా గోండిలో గోల చేస్తుంటే రెండో తరగతిలో ఒక పాప మాత్రం గోడకు ఆనుకొని చూస్తూ కూర్చునేది. కొలాం పిల్ల. ఇంట్లో కొలామీ. హాస్టల్లో నాకు తెలుగు ఎట్లనో, ఇక్కడ ఆమెకు గోండి అట్ల. అంకెలు మీ భాషలో చెప్పమని అడిగితే రెండు రోజులు చెప్పలేదు, మూడోరోజు ఐదు దాకా చెప్పింది. నేను తప్పు పలికితే నవ్వింది. ప్రాక్టీస్ అయిపోయేదాకా మళ్లీ రెండు మూడుసార్లు మాట్లాడిందేమో, అంతే. నా వల్ల ఆమెకు లెక్కలు వచ్చాయని చెప్పుకోలేను.

1940లలో మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ ట్రైనింగ్ సెంటర్ పెట్టించినప్పుడు గోండు యువకులు కాబట్టి చాలులే అనుకోలేదు. వాళ్లకు శిక్షణ ఇచ్చి, గోండిలో వాచకాలు తయారుచేసి బడులకు పంపారు. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామీ లాంటి భాషల్లో పుస్తకాలు కూడా వేశారు. కానీ ఇంటి భాష వేరే ఉన్న పిల్లకు మొదటి పాఠం ఎట్ల మొదలుపెట్టాలో నా ట్రైనింగ్‌లో ఒక్క పూట కూడా ఎవరూ చెప్పలేదు. టీఎల్ఎం చార్టుకు రంగులు ఎట్ల వేయాలో మాత్రం బాగా చెప్పారు.

అందుకే నేననేది, పోస్టుల కోసం కొట్లాడుతూనే ఇది కూడా అడుగుదాం: డీఎడ్, బీఎడ్‌లో మన భాషల్లో బోధన ఒక పేపర్‌గా ఉండాలె, పోస్టింగ్ ఇచ్చేటప్పుడు ఊరి భాష చూడాలె. గోండు టీచర్‌ను కొలాంగూడకు పంపి "ఆదివాసీ టీచరే కదా" అంటే ఒప్పుకోవద్దు, ఆ పోస్టు మనవాడికే వచ్చినా సరే.

వచ్చే నెల మళ్లీ అదే బడికి పోతున్న. కొలామీలో ఐదు దాకా వచ్చు. కొలాం అన్నలు, అక్కలు ఎవరైనా ఆరు నుంచి పది దాకా వాయిస్ మెసేజ్ పెట్టండి. నెమ్మదిగా పలకండి, నా నాలుక తొందరగా తిరగదు.

జై సేవా.